పెరట్లో పిజ్జా పొయ్యి: వేడి నిలవడానికి, వాన తగలకుండా ఉండడానికి చిట్కాలు

పొలం దగ్గర ఇంట్లోనో, ఇంటి వెనక పెరట్లోనో ఇటుకలతో పిజ్జా పొయ్యి కట్టుకునేవాళ్లు ఇప్పుడు మనలోనూ ఉన్నారు. గుమ్మటం లేచి, మూతి దగ్గర కమాను నిలబడగానే పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి సగమే అయింది. నేపుల్స్ పద్ధతిలో పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో కాలాలంటే పొయ్యి నేల 430 డిగ్రీల సెల్సియస్ దాకా, గుమ్మటం అంతకన్నా కాస్త ఎక్కువగా వేడెక్కాలి. చుట్టూ ఇన్సులేషన్ లేని పొయ్యి అక్కడిదాకా చేరడానికి మోపులకొద్దీ కట్టెలు తింటుంది. చేరినా ఆ వేడి నిలవదు.

హైదరాబాద్ పాత బేకరీల్లో కట్టెల భట్టీలు రోజూ మండుతుంటాయి కనక వాటికి చెమ్మ పట్టే వ్యవధే ఉండదు. ఇంటి పొయ్యి అలా కాదు. ఏ ఆదివారమో, ఏ పండక్కో వెలుగుతుంది. మధ్య రోజులన్నీ గాలిలోని తేమను, నేలలోని చెమ్మను, వాన జల్లును పీల్చుకుంటూనే ఉంటుంది. అందుకే బేకరీ భట్టీకి అక్కర్లేని జాగ్రత్తలు ఇంటి పొయ్యికి కావాలి.

మూడు సంగతులు మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. వేడి బయటికి పోకూడదు. నీరు లోపలికి రాకూడదు. ఎలాగో లోపల చేరిన తడికి మాత్రం బయటపడే దారి ఉండాలి. ఈ మూడోదాన్ని వదిలేయడం వల్లే ఎన్నో మంచి పొయ్యిలు పాడవుతాయి.

1. వేడిని దాచుకునేది వేరు, ఆపేది వేరు

ఫైర్‌బ్రిక్ వేడిని పీల్చుకుని దాచుకుంటుంది. ఆ వేడి అవతలికి పోకుండా ఆపడం దాని పని కాదు. ఆపాలంటే ఇటుక వెనక తేలికైన, గాలి గదులతో నిండిన పదార్థం ఉండాలి. మందంగా కడితే వేడి ఆగుతుందనుకుని రెండు వరసల ఇటుక పేర్పించేవాళ్లున్నారు. అప్పుడు వేడెక్కించాల్సిన బరువు పెరుగుతుంది, కట్టెల ఖర్చు పెరుగుతుంది, నష్టం ఎప్పటిలాగే ఉంటుంది. నేల కింద ఇసుక, గాజుపెంకులు, ఉప్పు నింపితే వేడి నిలుస్తుందని కొందరు మేస్త్రీలు చెబుతారు. ఇసుక, గాజు కూడా వేడిని దాచుకునేవే. ఉప్పయితే ఇంకా చెడ్డది, గాలిలోని తేమను లాక్కుని పొయ్యి కడుపులోకి తెచ్చిపెడుతుంది. ఉప్పు మాత్రం వద్దని గట్టిగా చెప్పండి.

2. నేల కింద పొర ముందే వేయించండి

గుమ్మటం పైపొరను ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు. నేల కింది పొరను పొయ్యి కట్టాక సరిచేయడం అయ్యే పని కాదు. ఇటుక నేలను నేరుగా కాంక్రీట్ దిమ్మ మీద పరిస్తే వేడంతా దిమ్మ లాగేసుకుంటుంది. మొదటి పిజ్జా బాగానే వస్తుంది. మూడోదానికి పైన మాడి, అడుగు పచ్చిగా ఉంటుంది.

దీనికి రెండు మార్గాలు. ఒకటి, 50 నుంచి 100 మిల్లీమీటర్ల మందం ఉండే కాల్షియం సిలికేట్ బోర్డు. బాయిలర్ల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. రెండోది, అయిదు పాళ్ల వర్మిక్యులైట్‌కు ఒక పాలు సిమెంట్ కలిపి 100 మిల్లీమీటర్ల మందాన పోసే పొర. నాలుగడుగుల చదరపు దిమ్మకు ఈ పొర సుమారు 150 లీటర్ల పరిమాణం అవుతుంది. కలిపి అదిమేటప్పుడు వర్మిక్యులైట్ అణుగుతుంది కనక 170 లీటర్లు కొనుక్కోండి. మిద్దె తోటల వాళ్ల కోసం నర్సరీల్లో అమ్మేది ఇదే. మరీ పొడిలా ఉన్న రకం కాకుండా గింజ కాస్త పెద్దగా ఉన్నది అడగండి.

3. కింద నుంచి పాకే చెమ్మను ఆపండి

తడి పైనుంచే వస్తుందనుకుంటాం. కానీ దిమ్మ గోడల వెంట నేల చెమ్మ పైకి పాకి వర్మిక్యులైట్ పొరను తడిపేస్తుంది. గోడలు మొదలయ్యే చోట ఇంటి గోడలకు వేసినట్టే చెమ్మ ఆపే పొర వేయించండి. పెరటి మట్టం కన్నా దిమ్మ అడుగు అరడుగైనా ఎత్తున ఉండాలి. చుట్టూ నీళ్లు నిలవకుండా వాలు ఇప్పించండి.

స్లాబ్ పోసేటప్పుడే నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి చొప్పున వేలు దూరేంత రంధ్రాలు వదలమని మేస్త్రికి చెప్పండి. పైనుంచి దిగిన నీరు స్లాబ్ మీద మడుగు కట్టకుండా వీటిగుండా కిందికి కారిపోతుంది. బోర్డు వాడుతుంటే దాని కింద మిగిలిపోయిన ఫ్లోర్ టైల్స్‌ను సందులు వదిలి పరవండి. అప్పుడు బోర్డు తడి స్లాబ్‌కు అంటుకోకుండా ఉంటుంది, సందుల్లోంచి గాలి కూడా ఆడుతుంది.

4. గుమ్మటం మీద సిరామిక్ బ్లాంకెట్: ఎంత కొనాలి?

గుమ్మటానికి అన్నిటికన్నా బాగా పనిచేసేది సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్. 25 మిల్లీమీటర్ల మందం, ఘనపు మీటరుకు 96 లేదా 128 కిలోల సాంద్రత, 1260 డిగ్రీల గ్రేడ్ ఉన్నది తీసుకోండి. సాధారణంగా 7.3 మీటర్ల పొడవు, 61 సెంటీమీటర్ల వెడల్పు చుట్టలుగా వస్తుంది. అంటే చుట్టకు దాదాపు నాలుగున్నర చదరపు మీటర్లు.

లోపలి వ్యాసం మూడడుగులు, ఇటుక మందం నాలుగున్నర అంగుళాలు ఉన్న గుమ్మటానికి బయటి వైశాల్యం సుమారు 2 చదరపు మీటర్లు. రెండు పొరలకు ఒక చుట్ట, ముక్కలు కూడా వృథా చేయకుండా సర్దితే, సరిపోతుంది. మూడు పొరలకు రెండు చుట్టలు కావాలి. వీలుంటే మూడు పొరలే వేయండి. కట్టెల్లో మిగిలే డబ్బుతో పాటు మర్నాటి ఉదయం పొయ్యిలో మిగిలే వేడి కూడా మీదే. కింది పొర అతుకుల మీదే పై పొర అతుకులు పడకూడదు. బ్లాంకెట్‌ను గట్టిగా నొక్కి కట్టకండి. దానిలోని గాలే వేడిని ఆపేది, నొక్కితే ఆ గాలి పోతుంది. పైన చికెన్ మెష్ చుట్టి తీగతో వదులుగా బిగిస్తే చాలు.

5. మాస్క్ లేకుండా బ్లాంకెట్ కోయకండి

ఈ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సిరామిక్ ఫైబర్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఎన్95 మాస్క్, గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు తప్పనిసరి. మీతో పాటు పని చేసే కూలీలకు కూడా ఇవన్నీ మీరే కొనివ్వండి. ఆరుబయట కోయండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, ఆ బట్టల్ని విడిగా ఉతకండి. బ్లాంకెట్ పరిచిన తరువాత ఎక్కువ రోజులు ఉత్తగా వదిలేయకుండా వర్మిక్యులైట్ పొరతో మూసేయండి. శరీరంలో తేలిగ్గా కరిగిపోయే పీచుతో చేసిన బ్లాంకెట్లు కూడా వస్తున్నాయి. దొరికితే అవే మేలు.

6. బ్లాంకెట్ దొరకనప్పుడు ఏవి పనికొస్తాయి, ఏవి రావు

బ్లాంకెట్ లేకపోయినా పది పాళ్ల వర్మిక్యులైట్‌కు ఒక పాలు సిమెంట్ కలిపి నాలుగైదు అంగుళాల మందాన గుమ్మటం మీద వేస్తే పని నడుస్తుంది. తీగజల్లెడతో కుట్టి అమ్మే రాక్‌వూల్ పరుపు కూడా ఇటుక బయటివైపు వేడికి తట్టుకుంటుంది.

మన దగ్గర విరివిగా దొరికే వరి ఊక బూడిదను చాలామంది పట్టించుకోరు. అందులో అధిక భాగం సిలికా. తేలిక, గాలి నిండి ఉంటుంది, మంటకు చెక్కు చెదరదు. కరిగిన ఉక్కు చల్లారకుండా ఉక్కు కర్మాగారాల్లో పైన చల్లేది దీన్నే. గోదావరి జిల్లాల్లో, నల్గొండ వైపు రైస్ మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉంటుంది. గుమ్మటం చుట్టూ ఇటుక గోడ కట్టి, మధ్య జాగాలో పొడి బూడిద నింపి పైన కప్పు వేస్తే చవకలో మంచి ఇన్సులేషన్ అవుతుంది. నింపేటప్పుడు మాస్క్ మాత్రం మరవకండి. తడిస్తే ముద్దయిపోతుంది కనక కప్పు లేని పొయ్యికి ఇది వద్దు.

పనికిరానివి: థర్మోకోల్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ 100–150 డిగ్రీల మధ్యే తనలోని నీటిని వదిలి పొడిగా రాలుతుంది. ఏసీ డక్టులకు వాడే మామూలు గ్లాస్‌వూల్‌లోని జిగురు కాలి వాసనేస్తుంది. స్ప్రే ఫోమ్ మంట అంటుకునే సరుకు, దాన్ని దగ్గరికే రానీయకండి.

7. వర్మిక్యులైట్ పిడికిట్లో నిలవాలి, కారకూడదు

పది లీటర్ల వర్మిక్యులైట్‌కు మూడు లీటర్ల దాకా నీళ్లు పడతాయి. ముందు పొడిగా కలిపి, తరువాత నీళ్లు కొద్దికొద్దిగా చల్లుకుంటూ చేత్తోనే కలపండి. మిక్సర్‌లో ఎక్కువసేపు తిప్పితే గింజలు నలిగి గాలి గదులు పోతాయి. పిడికిట్లో పట్టి నొక్కితే ఉండ నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. గుమ్మటం మీద కింది నుంచి పైకి, రోజుకు కొంత ఎత్తు చొప్పున వేసుకుంటూ రండి.

8. ఆరనివ్వండి, తరువాత చిన్న మంటలు, ఆ తరువాతే ప్లాస్టర్

తొందర ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే. వంద లీటర్ల వర్మిక్యులైట్ వేశామంటే ముప్ఫై లీటర్ల నీళ్లు కూడా గుమ్మటం మీద పెట్టామన్నమాట. ఇటుకల మధ్య మోర్టార్‌లో ఉన్న తడి వేరు. నీరు ఆవిరైతే దాని పరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరికి దారి దొరక్కపోతే ఇటుకలు పెచ్చులూడతాయి, పైపొర పగిలిపోతుంది.

వర్మిక్యులైట్ వేశాక ఎండలో రెండు వారాలు వదిలేయండి. రాత్రుళ్లు, మబ్బు పట్టినప్పుడు మాత్రమే కప్పండి. తరువాత పైన ప్లాస్టర్ లేకుండానే చిన్న మంటలు మొదలుపెట్టండి. మొదటి రోజు గుమ్మటం లోపలివైపు 100–120 డిగ్రీలు దాటకుండా నాలుగైదు గంటలు ఉంచండి. తరువాత రోజుకు 50 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ వారంలో 400 దగ్గరికి తీసుకెళ్లండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఒకటి కొనుక్కోండి, 500 డిగ్రీలు దాటి చూపించేది. తరువాత రోజూ పనికొస్తుంది. మంట నేల మధ్యలో ఉండాలి, ఒక పక్క గోడకు ఆనకూడదు. ఏ రోజైనా గుమ్మటం నుంచి ఆవిరి బాగా లేస్తుంటే మర్నాడు వేడి పెంచకుండా అక్కడే ఆగండి.

తడి పోయిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. చిన్న మంట వేసి, ఉదయం పూట గుమ్మటం మీద ప్లాస్టిక్ షీట్ ముక్క పరవండి. పావుగంటకు దాని అడుగున నీటి బొట్లు కట్టాయంటే ఇంకా ఆరలేదు. బొట్లు కట్టడం ఆగేదాకా ప్లాస్టర్ మాట ఎత్తకండి. పెరటి విందు తేదీ ముందే అందరికీ చెప్పేసి ఉంటే, పిజ్జాల బదులు ఆ రోజు పులిహోర పెట్టండి. పొయ్యిని మాత్రం తొందరపెట్టకండి.

9. గుమ్మటం నెత్తిన ఆవిరి గొట్టం

ఎంత ఆరబెట్టినా వానాకాలంలో కొంత తడి చేరకుండా ఉండదు. గుమ్మటం శిఖరాన, ఇన్సులేషన్ పొరలోకి మాత్రమే దిగేలా అంగుళం లేదా అంగుళంన్నర స్టీల్ గొట్టం నిలబెట్టి, పైన గొడుగులాంటి మూత బిగించండి. ఇటుకకు రంధ్రం చేయకూడదు. పొయ్యి వేడెక్కినప్పుడు లోపలి తడి ఆవిరై పైకే వస్తుంది, ఈ గొట్టం గుండా పోతుంది. ఇది లేకపోతే పైన మీరు వేసిన పూతను ఆ ఆవిరే పొంగించి పగలగొడుతుంది. ఖర్చు చాలా తక్కువ, మేస్త్రికి పట్టే సమయం గంట కూడా కాదు. నా మట్టుకు ఈ జాబితాలో ఒక్కటే చేయించమంటే దీన్నే చేయించమంటాను.

10. గుమ్మటానికీ ముందు కమానుకూ మధ్య సందు

లోపలి గుమ్మటం వేడికి పెరుగుతుంది, పొగగొట్టం ఉన్న ముందు కమాను అంతగా పెరగదు. రెంటినీ ఒకే సిమెంట్‌తో కలిపేస్తే తప్పకుండా పగులుతుంది, ఆ పగుల్లోంచే వాననీరు దిగుతుంది. మధ్యలో అర అంగుళం సందు వదిలి సిరామిక్ తాడు నింపండి. పొగగొట్టం మీద టోపీ తప్పనిసరి. ఏటవాలు జల్లు కూడా లోపలికి పడనంత వెడల్పుండాలి. గొట్టం ప్లాస్టర్‌లోంచి పైకి లేచే చోట వేడికి తట్టుకునే సిలికోన్‌తో చుట్టూ మూయండి.

11. పైపూతలో సున్నం ఉండాలి

ఒక పాలు సిమెంట్, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ల ఇసుక. ఈ పాళ్లలో, చికెన్ మెష్ మీద రెండు పూతలుగా, మొత్తం 15–20 మిల్లీమీటర్ల మందం. ఉత్త సిమెంట్ పూత గట్టిగా ఉంటుంది కానీ వేడికి సాగదు, సున్నం కలిస్తే కాస్త సర్దుకుంటుంది, తడిని బయటికి వదులుతుంది కూడా. పాత మండువా ఇళ్ల సున్నపు గోడలు అన్ని వానలు చూసి కూడా నిలబడ్డాయంటే అందులో ఈ గుణానికీ భాగం ఉంది. పూత వేశాక వారం రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచండి.

ఈ పనికి అదను సంక్రాంతి వెళ్లాక, మాఘ ఫాల్గుణాల్లో. రోహిణి కార్తె ఎండల్లో పూత గంటలో ఎండి నెర్రెలిస్తుంది. వానల్లో అసలు ఆరదు.

12. టెర్రస్‌కు వేసేది పొయ్యికి వేయకండి

దుకాణంలో వాటర్‌ప్రూఫింగ్ అనగానే టెర్రస్‌కు వేసే డబ్బా చేతిలో పెడతారు. తారు షీట్లు, ఎపాక్సీ పూతలు నీటిని రెండు వైపులా మూసేస్తాయి. లోపలి ఆవిరి వాటిని బుడగలుగా లేపుతుంది. కావాల్సింది నీటి చుక్కను ఆపి ఆవిరిని వదిలేది. సిలేన్–సిలోక్సేన్ రకం పారదర్శక ద్రావణం ఆ పని చేస్తుంది. ఆవిరిని వదిలే మంచి ఎక్స్‌టీరియర్ ఎక్రిలిక్ పెయింట్ కూడా ఫరవాలేదు. ఏదైనా సరే చిన్న మంటలన్నీ పూర్తయి, పూత నెల రోజులు ఆరాకే వేయండి. ఏమీ వద్దనుకుంటే ఏటా సున్నం వెల్ల వేయించండి. పైన కప్పున్న పొయ్యికి అది చాలు.

13. అన్నిటికన్నా నమ్మకమైనది కప్పు

ఏ పూతయినా కొన్నేళ్లే. నాలుగు ఇనుప గొట్టాలు, పైన రేకులు, అన్ని వైపులా రెండడుగుల చూరు ఉంటే సగం చిట్కాలతో పనే ఉండదు. కోస్తాలో వాన నిలువుగా పడదు, గాలితో పక్కనుంచి కొడుతుంది. నెల్లూరు, ప్రకాశం వైపు అసలు వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో, తుఫాన్లతో కలిసి వస్తాయి. అక్కడ గాలివైపు ఒక పక్క గోడ కూడా లేపడం మంచిది, రేకుల్ని బోల్టులతో బిగించాలి. తాటాకు, కొబ్బరాకు కప్పు ఎంత అందంగా ఉన్నా నిప్పురవ్వకు ఆగదు. పొగగొట్టం దగ్గర కర్ర దూలాలు ఒకటిన్నర అడుగుకన్నా దగ్గరగా ఉండకూడదు.

14. టార్పాలిన్ కప్పే తీరు

వేడిగా ఉండగా కప్పకండి. చల్లారాక కప్పినా గుమ్మటానికి అంటిపెట్టుకునేలా బిగించకండి. కింద గాలి ఆడకపోతే లోపలి తడే ప్లాస్టిక్‌కు పట్టి మళ్లీ పొయ్యి మీదే కారుతుంది. నాలుగు కర్రలు నిలబెట్టి గుడారంలా ఎత్తి కట్టండి. ముసురు తెరిపిచ్చిన రోజున తీసి ఎండ తగలనివ్వండి.

15. తలుపుకు కూడా ఇన్సులేషన్

గుమ్మటానికి మూడు పొరలు వేసి మూతికి ఉత్త రేకు ఆనిస్తే వేడంతా అక్కడి నుంచే పోతుంది. స్టీల్ రేకుతో పెట్టెలా చేయించి మధ్యలో రెండంగుళాల మందాన బ్లాంకెట్ మిగులు ముక్కలు నింపండి, పిడి కర్రది పెట్టించండి. మంట ఆరి, నిప్పులు తీసేశాకే తలుపు మూయాలి. రాత్రి మూసిన పొయ్యి ఉదయానికి బ్రెడ్ కాల్చుకునేంత వేడిగా ఉందంటే మీ ఇన్సులేషన్ బాగున్నట్టే. రొట్టె తీశాక మట్టికుండలో కందిపప్పు పెట్టండి, పచ్చడికి వంకాయలు కాల్చుకోండి, మధ్యాహ్నానికి వేరుశనగ పప్పులు వేయించుకోండి. ఆ వేడికంతా మీరు ముందే వెల చెల్లించేశారు.

16. పొయ్యి నానిందని ఎలా తెలుస్తుంది?

ఎప్పటికన్నా రెట్టింపు కట్టెలు పట్టడం, గుమ్మటం బయట ఒకచోట చెయ్యి పెట్టలేనంత వేడిగా తగలడం, లోపలి మసి కాలి ఇటుక తెల్లబడకపోవడం. ఇవి కనబడితే ఇన్సులేషన్ తడిసిందని అనుమానించండి. తడి దుప్పటి కప్పుకుంటే చలి ఆగదు కదా, ఇదీ అంతే. నిశ్చలమైన గాలితో పోలిస్తే నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా సులువుగా దాటిస్తుంది. పైగా లీటరు నీరు మరిగి పూర్తిగా ఆవిరి కావడానికి, అదే నీటిని మామూలు చల్లదనం నుంచి మరుగు దాకా తేవడానికి పట్టే వేడికి ఆరేడు రెట్లు కావాలి. మీ కట్టెలన్నీ ఆ నీటిని ఎగరగొట్టడానికే పోతాయి.

మందు ఒకటే. 8వ చిట్కాలో చెప్పిన చిన్న మంటలు మూడు నాలుగు రోజులు మళ్లీ వేయాలి. నానిన పొయ్యిలో ఒకేసారి పెద్ద మంట వేయకండి. వానాకాలం పూర్తయ్యాక మొదటిసారి వెలిగించేటప్పుడూ ఇదే పద్ధతి.

17. పగుళ్లు: ఏవి మామూలు, ఏవి కావు

లోపలి గుమ్మటంలో వెంట్రుకవాసి పగుళ్లు ప్రతి పొయ్యికీ వస్తాయి. వేడికి తెరుచుకుంటాయి, చల్లారితే మూసుకుంటాయి. వాటి జోలికి పోకండి. బయటి పూతలో పగులు అగ్గిపుల్ల దూరేంత ఉంటే దాన్ని మూయాలి. ఉత్త సిమెంట్ నింపితే మళ్లీ అక్కడే విడుతుంది, సాగే గుణమున్న క్రాక్ ఫిల్లర్ నింపి పైన రంగు వేయండి. ఏటా మృగశిర కార్తెకు ముందే ఒకసారి చుట్టూ తిరిగి చూసుకుని ఈ పని ముగించాలి.

18. మంచు పడే చోట ఉన్నవారికి

న్యూజెర్సీలోనో, చికాగోలోనో ఉంటే వానకు తోడు గడ్డకట్టడం ఇంకో సమస్య. నీరు మంచుగడ్డ అయితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఇటుక రంధ్రాల్లో చేరిన తడి చలికాలమంతా గడ్డకడుతూ కరుగుతూ ఇటుక ముఖాన్ని పెచ్చులుగా లేపేస్తుంది. చలి రాకముందే రెండు మూడు రోజులు పొయ్యి వెలిగించి ఎండబెట్టి, గాలి ఆడేలా కప్పేయండి. మంచు రోజుల్లో వెలిగించాల్సి వస్తే మొదటి గంట చిన్న పుల్లలతోనే గడపండి. కట్టే ముందు మీ ఊరి నిబంధనలు, ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) అనుమతులు చూసుకోండి. పొగగొట్టం ఎత్తు మీద, కంచె నుంచి దూరం మీద చాలా చోట్ల షరతులుంటాయి.

19. కట్టెలు పొడిగా లేకపోతే పై శ్రమంతా దండగ

సరుగుడు, చింత, మామిడి ఏదైనా ఫరవాలేదు. చీల్చి ఆరు నెలలు ఎండాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాత తలుపు ముక్కలు పొయ్యిలో పెట్టకండి, వాటి పొగ పిజ్జాకు పడుతుంది. దిమ్మ కింది గూట్లో కట్టెలు దాచుకునేవాళ్లు నేల మీద నేరుగా పేర్చకుండా ఇనుప చట్రం మీద అడుగు ఎత్తున పేర్చండి. చెమ్మ అంటదు, చెదలు పట్టవు, పాములు తేళ్లు దూరినా కనబడతాయి. వానాకాలంలో మరో ఉపాయం ఉంది. వంటంతా అయ్యాక పొయ్యి 100 డిగ్రీలకు దిగిందని గన్‌తో చూసుకుని, నిప్పు కణిక ఒక్కటి కూడా లేదని నిర్ధారించుకుని, తరువాతి సారికి కావాల్సిన కట్టెలు లోపల పేర్చి తలుపు కాస్త తెరిచి ఉంచండి. మర్నాటికి అవి పొడిగా, తేలిగ్గా ఉంటాయి. వేడి అంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడు మాత్రం పెట్టకండి, అంటుకుంటాయి.